పున్నమి తర్వాతి ఆదివారం

మైలపిల్లి పోలయ్య కాపురం నీళ్లమీద. మాటవరసకి అనడం లేదు, నిజంగానే నీళ్లమీద. గార్డెన్ రీచ్‌లో ఓడలు కట్టే యార్డు దాటాక, పాత జనపనార గోదాముల వెనక హుగ్లీలోకి దిగే ఘాట్ ఒకటి ఉంది. దాని పక్కన తుప్పుపట్టిన జెట్టీ. ఆ జెట్టీకి నాలుగు మోకులతో కట్టిన వెడల్పాటి ఇనప బోటు అతని ఇల్లు. బెంగాలీలు దాన్ని గాధా బోట్ అంటారు, అంటే గాడిద పడవ. సొంతంగా కదల్లేక, ఇంకో పడవ లాగితే బరువులు మోసే రకానికి ఆ పేరు. దీనికి తర్వాత్తర్వాత ఎవరో ఇంజను పెట్టించారు గాని పేరు మారలేదు.

"ఎన్నాళ్లు ఈ గాడిద మీద కాపురం పోలయ్యా?" అని ఒకసారి వేళాకోళమాడాను.

"ప్రెబువు గాడిదెక్కితే మీరందరూ మట్టలట్టుకుని ఎనకాల ఎలతారు. నానెక్కితే తప్పొచ్చిందేటి బాబూ?" అన్నాడు.

నా పేరు సురేష్ బాబు. హౌరా రైల్వే ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు టైంటేబుళ్లు సరిచూసి రిటైరయ్యాను. ఇప్పుడు మా తెలుగు క్రైస్తవ సంఘానికి సెక్రటరీని. జీతం లేని ఉద్యోగం, చీవాట్లు మాత్రం నెల తప్పకుండా అందుతాయి. టైం విషయంలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకం సంగతే ఈ కథ.

ఆ బోటు ఒకప్పుడు జనపనార మోసేది. కంపెనీ మూతపడ్డాక యజమాని "చూస్తూ ఉండు పోలయ్యా" అని చెప్పి వెళ్లి, కొన్నాళ్లకి పోయాడు. తర్వాత అడగడానికి ఎవరూ రాలేదు. పోలయ్య, అతని భార్య అప్పమ్మ చూస్తూ ఉండిపోయారు, ఇరవై ఆరేళ్లు. లోపల పధ్నాలుగడుగుల వెడల్పు. రెండు మంచాలు పక్కపక్కనే వేసినా నడవడానికి దారి మిగిలేది. మంచం కోళ్లని నేలకి బోల్టులతో బిగించారు. గ్యాసు పొయ్యి చుట్టూ ఇనప చువ్వ ఒకటి, ఊగినప్పుడు గిన్నె జారిపోకుండా. పైన రంగు డబ్బాల్లో అప్పమ్మ పుదీనా, బచ్చలి పెంచేది. ఉత్తరాలు ఘాట్ పైనున్న నిమాయి టీకొట్టు చిరునామాకి వచ్చేవి, పడవకి ఇంటి నంబరు ఎవరిస్తారు? అక్కడ ఇల్లు రోజుకి రెండుసార్లు మెట్లెక్కి రెండుసార్లు దిగుతుంది. పోటుకి మోకులు బిగించాలి, ఆటుకి వదలాలి. మరిచిపోతే బోటు మోకులకి వేలాడుతుంది. పోలయ్య ఇరవై ఆరేళ్లలో ఒక్కసారీ మరిచిపోలేదట. నేనైతే పాలపొయ్యి కట్టెయ్యడం కూడా మరిచిపోతాను.

అప్పమ్మ మా సంఘ సభ్యురాలు. ఆమె గొంతెత్తితే హార్మోనియం వాయించేవాడు శ్రుతి వెతుక్కోవలసి వచ్చేది. పోలయ్య ఆదివారం ఆమెని గేటుదాకా దింపి, ఆరాధన అయ్యేవరకూ బయట అరుగు మీద కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే, "ఇంటికొకలు సాలు బాబూ" అనేవాడు.

రెండేళ్ల క్రితం అప్పమ్మ పోయింది. సమాధుల తోటలో మా సంఘానికున్న మూలలో పెట్టాం. ఆమె పక్కన ఒక్క చోటు మిగిలింది. మొత్తం మూలకి అదే ఆఖరిది. బాప్తిస్మం తీసుకున్న సభ్యులకే అక్కడ స్థలం. చోటు కరువు గనక ఎవరి పేరా ఈస్టర్ దాటి అట్టే పెట్టకూడదని కమిటీ తీర్మానం కూడా చేసింది. ఆ తీర్మానం రాసింది నేనే, చాలా చక్కటి భాషలో.

ఈ ఫిబ్రవరిలో పోలయ్య మా ఇంటికొచ్చాడు. నా భార్య విజయ కుమారి టీ ఇచ్చింది. గుండె సగమే పనిచేస్తోందని ఆసుపత్రిలో చెప్పారట.

"నానూ మునుగుతాను బాబూ. అప్పమ్మ పక్క సోటు నాకుంచండి," అన్నాడు. "అదొక్కతే ఎక్కడా పడుకుని ఎరగదు."

మా పాస్టరు ప్రదీప్‌కుమార్ అయ్యగారు కిందటేడే మాచర్ల వైపు నుంచి వచ్చారు. మంచి మనిషి. శకునాలన్నా ముహూర్తాలన్నా ఆయనకి ఒళ్లు మంట. "బాప్తిస్మం ఎందుకు కావాలండీ?" అని అడిగితే పోలయ్య ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "సమాధి కోసం తీసుకునేది కాదండీ ఇది," అని అయ్యగారు ఆరు వారాలు పాఠాలు చెప్పారు. పోలయ్య ఒక్కరోజూ ఎగ్గొట్టలేదు. చివరికి అయ్యగారికి తృప్తి కలిగి, నీళ్లమీద ఉండేవాడు గనక, బైబిల్లో ఓడ కట్టిన నోవహు పేరు పెడదామన్నారు. "ఆయన ఓడకి కట్టీసీ తాడు నేదండి, నాకుంది. నాను పోలయ్యగానే ఉంటాను," అన్నాడు. అయ్యగారు నవ్వి సరేనన్నారు. ఇక చోటు ఖాయమే అనుకున్నాం.

గుడిలో బాప్తిస్మం తొట్టి బీటలిచ్చి నీరు నిలవడం లేదు. అందుకని ఈస్టర్ ఆదివారం ఘాట్‌లోనే పెట్టాం. ముగ్గురికి బాప్తిస్మం. పోలయ్య, హౌరా నుంచి వచ్చే ఒక కుర్రాడు, మా మనవరాలు షెకైనా. టైం పదిన్నర. నేనే నిర్ణయించి, కార్డు కొట్టించి, బోటుకి పట్టుకెళ్లాను.

పోలయ్య కార్డు చూసి గోడ దగ్గరికి నడిచాడు. అక్కడ తెలుగు పంచాంగం క్యాలెండరు వేలాడుతోంది. ప్రతి పున్నమికీ ప్రతి అమావాస్యకీ ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. వాటి కిందే రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం. ఆరు వారాల పాఠాల తర్వాత! నాకు చెవులు వేడెక్కాయి.

అతను వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "గురువారం పున్నమి. శుక్రారం, శనారం, ఆదివారం… పదిన్నరొద్దు బాబూ. రెండింటికెట్టండి."

"ఎందుకు? వర్జ్యమా?"

"వర్జ్యవేటండి. పున్నమినాడు ఎనిమిదిన్నరకి పోటు. రోజుకి ముప్పావుగంట ఎనక్కెలతాది. ఆదివారం పదకొండవకముందే బాన్ వస్తాది. రెండింటికైతే నీరు నిలబడుతాది."

బాన్ అంటే సముద్రపు పోటు గోడలా లేచి నది మీదికి ఎగబాకి రావడం. కోల్‌కతాలో అందరికీ తెలుసు. శ్రావణ భాద్రపదాల్లో పేపర్లో ఫోటో వేస్తారు. "అది వానాకాలం సంగతి. చైత్రమాసంలో బాన్ ఏమిటి?" అన్నాను, రేవులో పుట్టి పెరిగినవాడిలా. నేను పుట్టింది ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో.

"సైత్రంలో కూడా వస్తాది బాబూ, పున్నమెనక. మీ ఈస్టరెప్పుడూ పున్నమెనకే గదా," అన్నాడు. నిజమే. ఈస్టర్ లెక్కే పున్నమిని బట్టి. అరవై మూడేళ్లు ఆ పండగ చేసుకున్నాను, చంద్రుడితో పాటు నది కూడా వస్తుందని ఒక్కసారీ తోచలేదు. తోచకపోగా, ఇతనికి తిథుల పిచ్చి వదల్లేదని నిశ్చయించుకుని వచ్చేశాను.

కమిటీలో అదే చెప్పాను. పోలయ్య పంచాంగం చూసి ముహూర్తం మార్చమంటున్నాడని. అయ్యగారి ముఖం వాడిపోయింది. పోలయ్యని పిలిపించి, "ఆ క్యాలెండరు తీసెయ్యగలరా?" అని అడిగారు.

"తీసీస్తే మోకులెప్పుడొదలాలో నాకెలా తెలుస్తాదండి?"

ఆ మాటతో అయ్యగారి అనుమానం స్థిరపడింది. అయినా ఆయన నా వైపు తిరిగి, "బాన్ అంటున్నారు, ఏంటండీ అది?" అని అడిగారు. అడిగినందుకు ఆయన్ని మెచ్చుకోవాలి.

"వానాకాలంలో నది పొంగుతుందండీ. ఇప్పుడేం ఉండదు," అన్నాను.

అయ్యగారు నెమ్మదిగానే చెప్పారు. "దేవుడు చేసిన గడియల్లో చెడ్డది లేదు పోలయ్యగారూ. పదిన్నరకి రండి. మనసు కుదరకపోతే ఇంకో సంవత్సరం నేర్చుకుందాం." ఇంకో సంవత్సరం అంటే అప్పమ్మ పక్క చోటు పోయినట్టే. మా సంఘంలోనే ఉన్న రమాకుమారి వాళ్లు తమ ముసలాయన కోసం దాన్ని అప్పటికే అడిగి ఉన్నారు. పోలయ్యకి ఆ సంగతి తెలుసు. తలూపి వెళ్లిపోయాడు.

ఈస్టర్ నాడు తెల్లవారుజామున మేడమీద ప్రార్థన, తర్వాత ఆరాధన, పది దాటాక ఊరేగింపుగా ఘాట్‌కి. డెబ్భైమందిమి. హార్మోనియం, మైకు, ప్లాస్టిక్ కుర్చీలు ముందే చేర్పించాను. రోజూ మెట్ల నిండా ఇరుక్కుని ఉండే నాటు పడవలు ఆవేళ ఒక్కటి లేదు. అన్నీ నది మధ్యకెళ్లి లంగరేసుకున్నాయి. ఘాట్ ఖాళీగా దొరికింది, దేవుని కృప అనుకున్నాను. పక్క ఘాట్ నుంచి పోలీసులు మైకులో బెంగాలీలో ఏదో చెబుతున్నారు. మన మైకు వాల్యూం పెంచమన్నాను.

పోలయ్య తెల్ల పంచె, తెల్ల బనియనుతో ముందే వచ్చి నిలబడ్డాడు. బోటు జెట్టీకే ఉంది. నాలుగు మోకుల బదులు ఎనిమిది కట్టాడు.

"అన్ని పడవలూ నడిమికెలిపోనాయి బాబూ. నాదే ఉండిపోనాది," అన్నాడు. "ఎలితే బాన్ ఎలిపోయీదాకా దాని మీదే ఉండాల. ఇటు రాలేను. రెండూ ఒకపాలి అవవు. సోటే గావాలనుకున్నాను."

అప్పుడైనా నాకు అర్థం కావాలి. "మంచిది, నిలబడు," అన్నాను.

"పదిన్నరంటే పదిన్నరకే ముంచీయండి. నన్ను ముందు, ఆలిద్దర్నీ ఎనక. ముంచీసి అందరూ పైకొచ్చీయండి."

అలాగేనన్నాను. కాని మా సంఘంలో పదిన్నర అంటే పదిన్నర కాదు. ముప్పై నాలుగేళ్లు రైళ్ల నిమిషాలు లెక్కబెట్టిన నాకే అక్కడ గడియారం పనిచేయదు. పాట ఆరు చరణాలూ పాడారు. పెద్దాయన ఒకాయన ప్రార్థన మొదలుపెట్టి, ఆదాము దగ్గర్నుంచి అందర్నీ పలకరించుకుంటూ వచ్చాడు. పది నలభై అయింది. పోలయ్య కళ్లు మూసుకోలేదు. నదినే చూస్తున్నాడు. నీరు బాగా వెనక్కి తగ్గి, అడుగు మెట్లకింద బురద బయటపడింది. పది నలభై ఆరుకి ఆమెన్ పడింది. అయ్యగారు బురద దాటి మోకాల్లోతు నీళ్లలోకి దిగారు. షెకైనా, ఆ కుర్రాడు ఆఖరి మెట్టు మీదున్నారు.

"రండి పోలయ్యగారూ," అని అయ్యగారు చెయ్యి చాచారు.

పోలయ్య ఒక అడుగు వేసి ఆగాడు. తల తిప్పి నది దిగువ వంపు వైపు చెవి పెట్టాడు. తర్వాత ఆ చాచిన చేతిని చూశాడు. ఆరు వారాలు నేర్చుకున్నది, రెండేళ్లు ఎదురుచూసింది, అంతా ఆ చేతి దగ్గరే ఉంది. నాలుగడుగులు వేస్తే చాలు.

"అయ్యగారూ, పైకొచ్చీయండి," అన్నాడు.

"భయపడకండి."

"భయం నాకు కాదండి. వచ్చీయండి!"

అంటూనే వెనక్కి తిరిగి షెకైనా రెక్క పట్టుకుని పైకి ఈడ్చాడు. "ఛాడో, వదులు! ఏం చేస్తున్నావు దాదూ?" అని అది అరిచింది. రెండో చేత్తో ఆ కుర్రాణ్ణి మెట్లమీదికి తోశాడు. నాకు ఒళ్లు తెలియలేదు. నాలుగు మెట్లు దూకి అతని చేతిమీద ఫెళ్లున కొట్టాను. "నీ ముహూర్తం కోసం పిల్ల మీద చెయ్యి వేస్తావా?" అన్నాను. డెబ్భైమంది ముందు అన్నాను.

అతను నా వంక చూడనైనా లేదు. "పైకి తీసుకెల్లు బాబూ," అని షెకైనాని నా మీదికి నెట్టి, తను కిందికే దిగాడు. అప్పుడు బాన్ వస్తోందని పైనుంచి నిమాయి కేక వినపడింది. "బాన్! బాన్ ఆశ్చే!" నది మధ్యనున్న పడవల్లోంచి అందరూ ఒక్కసారి అరిచారు. పోలయ్య అయ్యగారి నడుం చుట్టూ చెయ్యివేసి, బియ్యం బస్తాని ఎత్తినట్టు ఎత్తి మెట్లెక్కాడు. సగం పనిచేసే గుండెతో.

ఒడ్డు వెంబడి తెల్లటి గీత ఒకటి వస్తోంది. గీత అనుకున్నది దగ్గరికొచ్చేసరికి నా ఎత్తుంది. మేం కిందనుంచి పన్నెండో మెట్టు దగ్గరున్నాం, నీరు పదో మెట్టు మీద విరిగింది. కుర్చీలు, హార్మోనియం, మైకు, అయ్యగారి చెప్పులు అన్నీ పోయాయి. మనుషులెవరూ పోలేదు. ఒక నిమిషం ముందు నా మనవరాలు ఎక్కడ నిలబడిందో అక్కడ బురదరంగు నీరు సుడి తిరుగుతోంది.

తర్వాత బోటు. మోకులు ఒకటొకటే తెగాయి. లెక్కపెట్టక్కర్లేకుండానే వినపడ్డాయి. కాపురానికి సుఖంగా ఉందన్న ఆ వెడల్పే కెరటానికి అడ్డం పడింది. బోటు లేచి జెట్టీ ఇనప స్తంభానికి గుద్దుకుంది. పక్క రేకు చీలింది. పది నిమిషాలు ఒరిగి తేలుతూ, పుదీనా డబ్బాలు ఒక్కొక్కటే జారవిడుచుకుంటూ మునిగిపోయింది. పోలయ్య నిలబడి చూశాడు. నాకు ఏడుపొచ్చింది, అందరి ముందూ ఏడ్చాను. దానివల్ల బోటేమీ తేలలేదు.

ఎవరూ ఇళ్లకి వెళ్లలేదు. అయ్యగారు తడిబట్టలతో వెళ్లి పోలయ్య పక్కన మెట్టు మీద కూర్చున్నారు.

"నన్ను క్షమించండి పోలయ్యగారూ. మీరు చెప్పింది నేను వినలేదు."

"మీకు తెలీదు గదండి," అన్నాడు పోలయ్య. తెలిసినవాడిలా మాట్లాడింది ఎవరో అతను చెప్పలేదు. నేను చెప్పాను. తప్పు నాదేనని, బాన్ లేదన్నది నేనేనని గట్టిగా చెప్పాను. అతని చెయ్యి పట్టుకున్నాను. నేను కొట్టిన చోట ఇంకా ఎర్రగానే ఉంది. "సర్లెండి," అన్నాడు.

"ఎప్పుడు చేద్దామంటారు?" అని అడిగారు అయ్యగారు.

"నీరు నిలబడాలండి."

మూడు గంటలు కూర్చున్నాం. నిమాయి అందరికీ టీ పోశాడు. నీరు ఒక్కో మెట్టే ఎక్కుతూ వచ్చింది. రెండింటికి అయ్యగారు లేవబోతే, పోలయ్య ఒక ఎండుపుల్ల నీళ్లలో వేసి చూసి, "ఇంకో పావుగంట," అన్నాడు. డెబ్భైమందీ ఆ పుల్లనే చూస్తూ కూర్చున్నాం. అది మెల్లమెల్లగా ఆగింది.

అతన్ని ముంచి లేపారు. తర్వాత కుర్రాణ్ణి, తర్వాత షెకైనాని. పాట మైకు లేకుండానే పాడాం. పోలయ్య తడిసిన పంచెతో మెట్లెక్కి నా దగ్గరికి వచ్చాడు.

"అప్పమ్మ పక్క సోటు ఇంక నాదేనా బాబూ?"

"నీదే పోలయ్యా. ఈవేళే రిజిస్టర్లో రాస్తాను."

తలూపాడు. మొహం తేటపడింది. ఆ తేటముఖంతోనే జెట్టీ వైపు చూశాడు. అక్కడ నిండు నీరు తప్ప ఏమీ లేదు.

"మరక్కడికెల్లీ వరకూ ఎక్కడుండమంటారు?"

నిష్ఠూరంగా అడగలేదు. తెలియక అడిగాడు. మెట్ల మీద డెబ్భైమందిమి ఉన్నాం, అందరికీ ఇళ్లున్నాయి.

"మా ఇంట్లో," అన్నాను.

మూడు గంటలు అతని పక్కనే కూర్చుని టీ తాగాను. అతను అడిగేదాకా ఆ మాట నాకు తట్టలేదు. ఎవరూ గమనించలేదనే అనుకుంటాను. షెకైనా మాత్రం నన్ను చూస్తూనే ఉంది.